చిప్‌ల లెక్క, అర్జీల లెక్క

2024 డిసెంబరులో అమెరికాలోని లారెన్స్ బర్క్లీ జాతీయ ప్రయోగశాల ఒక నివేదిక వెలువరించింది. దేశంలోని డేటా సెంటర్లు ఎంత కరెంటు వాడుతున్నాయి, 2028 నాటికి ఎంత వాడతాయి అన్నది అందులో విషయం. మరుసటి నెలలోనే, 2025 జనవరిలో, పీజేఎం తన వార్షిక లోడ్ అంచనా పుస్తకాన్ని బయటపెట్టింది. పదమూడు రాష్ట్రాల్లో కొన్నిటికి పూర్తిగా, కొన్నిటికి పాక్షికంగా, వాటితోపాటు వాషింగ్టన్ నగరానికి గ్రిడ్ నడిపే సంస్థ ఇది. ఆరున్నర కోట్ల మంది దాని పరిధిలో ఉన్నారు. రెండు పుస్తకాలూ ఒకే ప్రశ్నకు జవాబు చెబుతున్నట్టే కనిపిస్తాయి. పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేనంత దూరం. ఒకటి యూనిట్లలో మాట్లాడుతుంది, ఇంకొకటి మెగావాట్లలో. ఒకటి ఫ్యాక్టరీ నుంచి బయల్దేరిన చిప్‌లను లెక్కపెడుతుంది, ఇంకొకటి కరెంటు కంపెనీ బల్లమీదికి వచ్చిన అర్జీలను. మొదటిది తప్పితే రాసినవాళ్ల పేరు పోతుంది, రెండోది తప్పితే బిల్లు కట్టేవాళ్ల డబ్బు పోతుంది. ఈ చివరి తేడాను పక్కన పెట్టి, ఏ అంచనా గొప్పదని వాదించుకోవడం దండగ.

ముందు బర్క్లీ నివేదిక. 2020 నాటి ఇంధన చట్టం ఆదేశం మేరకు తయారైంది, అర్మాన్ షెహాబీ ప్రధాన రచయిత. వాళ్ల పద్ధతి కింది నుంచి పైకి కట్టుకుంటూ పోవడం. ఏటా ఎన్ని సర్వర్లు అమ్ముడయ్యాయి, వాటిలో ఏఐ పనులు చేసే జీపీయూ చిప్‌లున్నవి ఎన్ని, ఒక్కో సర్వరులో రెండున్నాయా నాలుగున్నాయా ఎనిమిదున్నాయా, ఎన్నేళ్లు పనిచేసి మూలపడతాయి, పని లేనప్పుడు ఎంత లాగుతాయి, పని ఉన్నప్పుడు ఎంత, వాటిని చల్లబరచడానికి అదనంగా ఎంత అని ఒక్కొక్కటే పేర్చుకుంటూ వెళ్తారు. అలా పేర్చగా తేలింది ఇది: 2014లో 5,800 కోట్ల యూనిట్లు, 2023లో 17,600 కోట్లు. అంటే దేశం మొత్తం వాడకంలో 4.4 శాతం. ఈ పెరుగుదలలో అసలు కథానాయకుడు జీపీయూ సర్వరే. 2017లో ఆ జాతి సర్వర్లన్నీ కలిసి 200 కోట్ల యూనిట్లు కూడా వాడలేదు, 2023 వచ్చేసరికి 4,000 కోట్లు దాటించాయి. ఇక 2028కి నివేదిక ఇచ్చేది ఒక అంకె కాదు, ఒక పరిధి: 32,500 కోట్ల నుంచి 58,000 కోట్ల యూనిట్ల దాకా.

కింది గట్టుకీ పై గట్టుకీ మధ్య దాదాపు రెట్టింపు తేడా. ఇదేం అంచనా అని విసుక్కున్నవాళ్లున్నారు. నాకైతే ఆ నివేదికలో అన్నిటికంటే నమ్మదగ్గ భాగం అదే అనిపించింది. ఎన్ని జీపీయూలు అమ్ముడవుతాయో, అవి రోజులో ఎంతసేపు పనిలో ఉంటాయో నాలుగేళ్ల ముందు చెప్పగలిగినవాడు కరెంటు లెక్కలు వేస్తూ కూర్చోడు, షేర్ మార్కెట్‌లో ఉంటాడు.

ఇప్పుడు పీజేఎం పుస్తకం. దీన్ని చదవడం అనకూడదు, తిరగెయ్యడం అనాలి. వచనం తక్కువ, పట్టికలు ఎక్కువ. ఎడమ పక్క ఒక్కో కరెంటు కంపెనీ ప్రాంతం పేరు, పైన సంవత్సరాలు, గడుల్లో మెగావాట్లు. లోపల ఉన్నది రెండు పొరల నిర్మాణం. అడుగు పొర పాతకాలపు గణాంక నమూనా. వాతావరణం, ఆర్థికాభివృద్ధి, ఇళ్లలో ఏసీలు, ఫ్రిజ్‌లు వంటివాటి నుంచి మామూలు డిమాండ్ ఎంతో చెబుతుంది. దాని మీద రెండో పొర, సర్దుబాట్లు. మా ప్రాంతానికి ఇన్ని డేటా సెంటర్లు రాబోతున్నాయి, మీ నమూనాకు అవి కనపడవు, వీటిని కలపండి అని డొమినియన్, ఏఈపీ వంటి కంపెనీలు లెక్కలు పంపుతాయి. పీజేఎం వాటిని పరిశీలించి కలుపుతుంది. 2025 పుస్తకంలో ఈ పై పొరే అడుగు పొరను మింగేసింది. 2024 నుంచి 2030 దాకా గరిష్ఠ డిమాండ్ 32,000 మెగావాట్లు పెరుగుతుందని అంచనా కడితే, అందులో 30,000 డేటా సెంటర్లవే. ఆరున్నర కోట్ల మంది ఇళ్లు, దుకాణాలు, ఫ్యాక్టరీలు, విద్యుత్ వాహనాలు అన్నీ కలిపి మిగిలిన రెండు వేలు. ఈ గ్రిడ్ చరిత్రలో అత్యధిక డిమాండ్ నమోదైంది 2006లో, 1,65,563 మెగావాట్లు. 2025 ఎండాకాలం దాటినా ఆ రికార్డు చెక్కుచెదరలేదు. అంటే దాదాపు రెండు దశాబ్దాలుగా కదలని గీతను, పదిహేనేళ్లలో 2,20,000కు ఎక్కిస్తున్నారు. ఎక్కిస్తున్నది ఒకే ఒక్క రకం వినియోగదారు.

ఆ సర్దుబాట్లలోకి మెగావాట్లు ఎక్కడి నుంచి వచ్చి చేరతాయో చూడాలంటే ఉత్తర వర్జీనియాకు పోవాలి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు లౌడన్ కౌంటీ, యాష్‌బర్న్ కొత్త పేర్లు కావు. పిల్లల్ని బడికి దింపే దారిలోనే కిటికీల్లేని భారీ భవనాల వరసలు కనిపిస్తాయి. అక్కడ కరెంటిచ్చేది డొమినియన్. డేటా సెంటర్ కట్టాలనుకున్న కంపెనీ డొమినియన్‌తో మూడు మెట్లు ఎక్కుతుంది. మొదటి మెట్టు, సబ్‌స్టేషన్ డిజైన్ పని మొదలుపెట్టమని అనుమతి పత్రం. రెండోది, నిర్మాణం మొదలుపెట్టమని పత్రం. మూడోది, అసలైన సరఫరా ఒప్పందం. మొదటి మెట్టు మీద నిలబడ్డవాడు మనసు మార్చుకుంటే పోయేది అప్పటిదాకా అయిన ఇంజనీరింగ్ ఖర్చు. వందల కోట్ల డాలర్లు ఆడే వ్యాపారంలో అదో లెక్కా? ఈ మూడు మెట్ల మీద కలిపి 2024 జులైలో 21,400 మెగావాట్లున్నాయని డొమినియన్ చెప్పింది. అదే ఏడాది డిసెంబరుకు 40,200 అంది. అయిదు నెలల్లో పెరిగింది గోడలూ కాదు, సర్వర్లూ కాదు. పెరిగినవి పత్రాలు.

న్యాయంగా చెప్పాలంటే పీజేఎం ఈ మొత్తాన్ని తెచ్చి తన పట్టికలో పొయ్యదు, జల్లెడ పడుతుంది. నా అభ్యంతరం జల్లెడ ఉందా లేదా అని కాదు, దాని కన్నాలు పాఠకుడికి కనపడవని. ప్రధాన పట్టికలో డొమినియన్ వరుసలో ఒక సంవత్సరానికి ఒక అంకె ఉంటుంది. అందులో మూడో మెట్టు నుంచి వచ్చినవెన్ని, మొదటి మెట్టు నుంచి వచ్చినవెన్ని అన్న విడదీత ఉండదు. ఇంకో విశేషం. ఎండలు మామూలుగా ఉంటే ఎంత, ముదిరితే ఎంత అని వాతావరణానికి మాత్రం వేరే పట్టికలు పెట్టారు. డేటా సెంటర్లలో సగం రాకపోతే ఎంత అన్నదానికి పట్టిక లేదు. ఏటా వచ్చే ఎండకు ఇచ్చిన అనుమానం, ఎప్పుడూ చూడని ముప్పై వేల మెగావాట్లకు ఇవ్వలేదు.

అర్జీ లెక్కలో ఇంకో చిక్కుంది. ఒకే అబ్బాయి జాతకం పది ఇళ్లకు పంపినట్టు, ఒకే డేటా సెంటర్ కోసం కంపెనీలు వర్జీనియాలోనూ ఒహాయోలోనూ టెక్సస్‌లోనూ అర్జీలు పెడతాయి. ఎక్కడ ముందు కరెంటు వస్తే అక్కడ కడతాయి. ప్రతి ఊరి కరెంటు కంపెనీ ఆ అర్జీని తన ఖాతాలో రాసుకుంటుంది. తప్పు ఏ ఒక్కరిదీ కాదు, కూడికది. బర్క్లీ పద్ధతికి ఈ జబ్బు పట్టదు. ఒక జీపీయూ ఒకేసారి రెండు ఊళ్లలో ఉండలేదు కదా! చిప్ లెక్కకున్న పెద్ద బలం ఇదే. ప్రపంచంలో తయారయ్యే చిప్‌ల సంఖ్యకు ఒక కప్పు ఉంది, అర్జీలకు కాగితమే హద్దు. రెండు పుస్తకాల అంకెల్ని ఒకే కొలతలోకి మారిస్తే ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది. 2023 నుంచి 2028 దాకా అమెరికా మొత్తానికి బర్క్లీ చూపించే పెరుగుదల, ఏడాది పొడవునా సగటున పరిస్తే, 17,000 నుంచి 46,000 మెగావాట్లు. పీజేఎం ఒక్కటే 2030కి 30,000 అంటోంది. కాలాలు వేరు, సగటు వేరు, గరిష్ఠం వేరు, కాబట్టి నేరుగా తీసివేత చెయ్యకూడదు. అయినా దేశంలో ఒక ముక్క చెప్పే పెరుగుదల, దేశం మొత్తానికి వేసిన పరిధి మధ్యకు వచ్చి కూర్చుంటే, టెక్సస్, జార్జియా, అరిజోనా అర్జీలన్నీ ఎక్కడ ఇముడుతాయని అడగక తప్పదు.

ఇంతవరకూ చదివి నేను బర్క్లీ పక్షమని అనుకుంటే తొందరపడ్డట్టే. ఆ ప్రయోగశాలకు ఈ విషయంలో పాతికేళ్ల చరిత్ర ఉంది, అందులో ఒక గెలుపు, ఒక ఓటమి. గెలుపు 1999 నాటిది. ఆ ఏడాది మే నెలాఖరు ఫోర్బ్స్ పత్రికలో పీటర్ హ్యూబర్, మార్క్ మిల్స్ ఒక వ్యాసం రాశారు. అమెరికా కరెంటులో 8 శాతం ఇంటర్నెట్టే తాగేస్తోందని, ఇంకో పదేళ్లలో గ్రిడ్‌లో సగం ఈ డిజిటల్ వ్యవహారానికే పోతుందని, కాబట్టి బొగ్గు తవ్వుకోండని దాని సారాంశం. బొగ్గు కంపెనీలకు, వాటి షేర్లు కొన్నవాళ్లకు చెవిలో అమృతం పోసినట్టయింది. బర్క్లీలో జొనాథన్ కూమీ బృందం అవే అంకెల్ని ఒక్కో యంత్రం దగ్గర నుంచి మళ్లీ కట్టుకొచ్చింది. ఇంటర్నెట్ వాటా 8 కాదు, ఒక శాతం దరిదాపుల్లో ఉందని తేల్చింది. మిల్స్ లెక్క ఎనిమిది రెట్లు ఎక్కువ. పదేళ్లు గడిచాయి, గ్రిడ్‌లో సగం కాదు కదా, దాని దరిదాపులకు కూడా పోలేదు.

ఓటమి 2016లో. అప్పటికి క్లౌడ్ వచ్చింది, పనిలేని పాత సర్వర్లు పోయి, ఒక్కో సర్వరు పదింటి పని చేయడం మొదలైంది. 2010 నుంచి 2014 దాకా డేటా సెంటర్ల వాడకం నాలుగు శాతమే పెరిగిందని, 2014లో 7,000 కోట్ల యూనిట్లని, 2020కి 7,300 కోట్లకు మించదని ప్రయోగశాల 2016 నివేదిక చెప్పింది. ఆరేళ్లలో నాలుగు శాతం. ఇప్పుడు 2024 నివేదిక తెరిస్తే, 2014 అంకె 5,800 కోట్లుగా మారిపోయి ఉంది. 2018కి 7,600 కోట్లు. తమ కొత్త లెక్క ప్రకారమే నాలుగేళ్లలో ముప్పై శాతం పైచిలుకు పెరుగుదల. రెండు నివేదికల పద్ధతులు అచ్చంగా ఒకటి కావు, అందుకని అంకెకు అంకె పెట్టి వెక్కిరించడం సరికాదు. కానీ దిశ తప్పిన మాట నిజం. మిల్స్‌ను ఓడించిన పొదుపు కథ బర్క్లీ వాళ్లను కూడా కొంత మత్తులో ముంచిందని నాకు అనిపిస్తుంది. సామర్థ్యం పెరుగుతూ వాడకాన్ని అదుపులో పెట్టిన రోజులు అలాగే సాగుతాయనుకున్నారు. చిప్ లెక్క నిన్నటిదాకా అమ్ముడైన చిప్‌లనే చూస్తుంది. రేపు ఏ కొత్త రకం సరుకు దిగుతుందో దానికి తెలియదు. 2016 నివేదిక రాసేనాటికి జీపీయూ సర్వర్లు లెక్కలోకి తీసుకోవాల్సినంత వస్తువు కాదు మరి.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. బర్క్లీ వాళ్లు తమ పాత అంకెను తామే దిద్దారు, 2014ను 7,000 నుంచి 5,800కు తెచ్చారు. గతాన్ని కూడా మళ్లీ కొలవాల్సినంత అస్పష్టమైన రంగమిది. పదేళ్ల కింద జరిగిన వాడకం మీదే ఇంత సవరణ అవసరమైతే, పదేళ్ల తర్వాతి వాడకానికి మెగావాట్ దాకా అంకె వేసి పట్టికలో కూర్చోబెట్టడం ఏ ధైర్యం?

ఆ ధైర్యానికి ఒక కారణం ఉంది. కరెంటు కంపెనీకి పరిధి పనికిరాదు. ట్రాన్స్‌ఫార్మర్ కొనాలంటే సైజు చెప్పాలి, లైను వెయ్యాలంటే ఎక్కడి నుంచి ఎక్కడికో చెప్పాలి. బర్క్లీ నివేదిక మొత్తం చదివినా యాష్‌బర్న్ సబ్‌స్టేషన్‌కు ఎన్ని మెగావాట్లు కావాలో తెలియదు. దాని దృష్టి దేశం మీద. స్థలం లేని అంచనాతో తీగ లాగలేం. అంచనా తక్కువ వేస్తే ఏమవుతుందో కూడా వర్జీనియాలోనే చూశారు. 2022 వేసవిలో తూర్పు లౌడన్‌లో కొత్త డేటా సెంటర్లకు అడిగినంత కరెంటు ఇవ్వలేమని, ట్రాన్స్‌మిషన్ లైన్లు చాలవని డొమినియన్ ప్రకటించాల్సి వచ్చింది. కరెంటు లేక కాదు, తెచ్చే దారి లేక. సర్వర్లు రెండేళ్లలో వస్తాయి, పెద్ద లైను పడాలంటే స్థలసేకరణ, అనుమతులు, కోర్టు కేసులు కలిపి అంతకు ఎన్నో రెట్ల కాలం. కాబట్టి అర్జీల్ని లెక్కపెట్టేవాళ్లను అత్యాశపరులని తీసిపారెయ్యడం కూడా అన్యాయమే. వాళ్లకు ముందున్నది నుయ్యి, వెనకున్నది గొయ్యి.

యూనిట్లు, మెగావాట్లు అన్నాను. ఈ రెండింటి మధ్య సందులోనే సగం గందరగోళం దాక్కుంది. ఒక కిలోవాట్ ఏడాదంతా ఆగకుండా నడిస్తే 8,760 యూనిట్లు. ఆ లెక్కన బర్క్లీ కింది గట్టు, 32,500 కోట్ల యూనిట్లు, సగటున 37,000 మెగావాట్లు. అదే నివేదిక ఇంకోచోట దీన్ని 74,000 మెగావాట్లుగా చెబుతుంది. ఎందుకంటే పెట్టిన సామర్థ్యంలో సగటున సగమే వాడకంలో ఉంటుందని అనుకున్నారు. యాభై శాతం! ఒక్క ఊహ మారితే వేల మెగావాట్లు అటూఇటూ అవుతాయి. పత్రికల్లో ఎవరికి కావాల్సిన అంకె వాళ్లు ఏరుకున్నారు. టెక్సస్ గ్రిడ్ నిర్వాహకులు మాత్రం ఊహతో ఆగకుండా కొలిచి చూశారు. 2022 నుంచి 2024 వరకు తమ దగ్గర నడుస్తున్న డేటా సెంటర్లు మొదట అడిగినదెంత, నిజంగా లాగుతున్నదెంత అని పోల్చితే వాడకం 49.8 శాతమే తేలింది. బర్క్లీ సగం, టెక్సస్ సగం ఒకే సగం కావు. మొదటిది పెట్టిన యంత్రాల మీద సగటు వాడకం, రెండోది అర్జీలో రాసిన అంకె మీద అసలు లోడ్. అయినా రెండు వేర్వేరు దారుల్లో పోయినవాళ్లు అడిగినంతా వాడరన్న ఒకే మాట చెప్పడం గమనించదగ్గది.

టెక్సస్‌లో కథ ఇంకా రంజుగా ఉంటుంది. రాబోయే లోడ్‌లను కూడా లెక్కలోకి తీసుకోవాలని 2023లో చట్టం చేశారు. దాంతో లైన్ల కంపెనీలు పంపిన అర్జీల్ని యథాతథంగా కూడితే, 2031కి గరిష్ఠ డిమాండ్ 2,18,000 మెగావాట్లు తేలింది. ఆ గ్రిడ్ రికార్డు 2023 ఆగస్టులో నమోదైన 85,508. అంకె చూసి తయారు చేసినవాళ్లకే నమ్మబుద్ధి కాలేదు. 49.8 శాతం కోత, ఆలస్యాల కోత వేసి 1,45,000కు దించారు. పట్టిక పక్కనే దాని దిద్దుబాటు కూడా ప్రచురించారు. పీజేఎం పుస్తకంలో నేను వెతికి దొరకక విసుగుపడ్డది సరిగ్గా ఇదే. 2025 జూన్‌లో ఇంకో చట్టం వచ్చింది. 75 మెగావాట్లు దాటి అడిగేవాళ్లు ఇలాంటి అర్జీ రాష్ట్రంలో ఇంకెక్కడైనా పెట్టారేమో చెప్పాలి, అధ్యయనానికి కనీసం లక్ష డాలర్లు కట్టాలి.

అర్జీల అంకె కాగితం మీదే ఉండిపోతే ఇంత రాయనక్కర్లేదు. పీజేఎంలో ఆ అంకె నేరుగా వేలంలోకి వెళ్తుంది. రాబోయే ఏడాది గరిష్ఠ డిమాండ్‌కు సరిపడా విద్యుత్కేంద్రాలను ముందే సిద్ధంగా ఉంచేందుకు ఆ సంస్థ వేలం నిర్వహిస్తుంది. ఎంత కొనాలన్నది లోడ్ అంచనా చెబుతుంది. 2024-25కు మెగావాట్‌కు రోజుకు 28.92 డాలర్లు పలికిన ధర 2025-26కు 269.92కు ఎగిరింది. ఆ తర్వాతి ఏడాదికి 329.17. అది కూడా పరిమితి పెట్టారు కాబట్టి అక్కడ ఆగింది. 2025-26కే మొత్తం ఖర్చు 220 కోట్ల డాలర్ల నుంచి 1,470 కోట్లకు పోయింది. పాత ప్లాంట్లు మూతపడటం, వేలం నిబంధనలు మారడం కూడా ఇందులో ఉన్నాయి. అయితే ఆ మార్కెట్‌ను కాపలా కాసే స్వతంత్ర పరిశీలక సంస్థ మానిటరింగ్ అనలిటిక్స్ లెక్క కట్టి, ఉన్నవీ రాబోయేవీ కలిపి డేటా సెంటర్ల లోడ్ వల్లే 930 కోట్ల డాలర్లు అదనంగా పడిందని చెప్పింది. ఇంకా పునాది తవ్వని భవనం కోసం ఒహాయోలో, పెన్సిల్వేనియాలో ఎవరో రిటైరైన మాస్టారు ఈ నెల బిల్లు కడుతున్నారు. బర్క్లీ నివేదిక ఎంత తప్పినా ఎవరి బిల్లూ పెరగదు.

అమెరికాకు ఈ దెబ్బ కొత్తది కాదు. 1973 చమురు సంక్షోభం దాకా కరెంటు డిమాండ్ ఏటా ఏడు శాతం చొప్పున పెరిగేది. అలాగే పెరుగుతుందని గీత గీసుకుని వాషింగ్టన్ రాష్ట్రంలో ప్రభుత్వ సరఫరా సంస్థ అయిదు అణు కేంద్రాలు మొదలుపెట్టింది. డిమాండ్ రాలేదు. రెండు కేంద్రాలు మధ్యలో వదిలేశారు, 1983లో 225 కోట్ల డాలర్ల బాండ్లు ఎగ్గొట్టారు. ఆ సంస్థ పేరులోని పొడి అక్షరాలను కలిపి జనం ‘వూప్స్’ అని పిలుచుకున్నారు.

ఈ రెండు పుస్తకాల పక్కన మూడోది ఒకటి పెట్టాలి. అది అంచనా పుస్తకమే కాదు, ఒక టారిఫ్ ఉత్తర్వు. ఒహాయోలో ఏఈపీ కంపెనీకి 30,000 మెగావాట్ల డేటా సెంటర్ అర్జీలు వచ్చిపడ్డాయి. 2023లో వాటికి కొత్త కనెక్షన్లు ఆపేసింది. 2025 జులైలో ఆ రాష్ట్ర నియంత్రణ కమిషన్ ఒక నియమానికి ఆమోదం తెలిపింది: 25 మెగావాట్లు దాటే కొత్త డేటా సెంటర్, వాడినా వాడకపోయినా, తాను అడిగిన దానిలో కనీసం 85 శాతానికి, పన్నెండేళ్ల పాటు డబ్బు కట్టాలి. ఆ నియమం వచ్చిన కొద్ది నెలల్లో క్యూ 13,000 మెగావాట్లకు పడిపోయింది. పదిహేడు వేల మెగావాట్లు ఆవిరి. చిప్‌లు లెక్కపెట్టి ఏ ఆచార్యుడూ, ఏ గణాంక నమూనా రాసిన ఇంజనీరూ ఇంత శుభ్రంగా వడకట్టలేకపోయారు. వెళ్లిపోయినవన్నీ ఉత్తుత్తి అర్జీలని అనడానికి వీల్లేదు, కొన్ని పక్క రాష్ట్రానికి పోయి ఉండొచ్చు, అక్కడి అంచనాను ఉబ్బిస్తూ ఉండొచ్చు. ఒక్క రాష్ట్రం తలుపేస్తే పక్కింటి వాకిలి నిండుతుంది. అందుకే ఇలాంటి నియమం ఒక్కచోట ఉంటే చాలదు. వర్జీనియా కమిషన్ కూడా 2025 నవంబరులో పెద్ద వినియోగదారులకు వేరే తరగతి పెట్టి, పద్నాలుగేళ్ల కనీస చెల్లింపుల షరతు విధించింది. అది 2027 నుంచి అమలవుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో రైస్ మిల్లు నడిపేవాళ్లకు ఈ ఒహాయో సూత్రం చూస్తే నవ్వొస్తుంది. హెచ్‌టీ కనెక్షన్ తీసుకున్నవాళ్లెవరైనా సీఎండీ అంటే ఏమిటో నిద్రలో లేపినా చెబుతారు. ఒప్పందం చేసుకున్న గరిష్ఠ డిమాండ్‌లో ఒక నిర్ణీత శాతానికి, మిల్లు ఆడినా ఆడకపోయినా, డిమాండ్ ఛార్జీ కట్టాల్సిందే. సీజను లేని నెలల్లో ఆ బిల్లు చూసి తిట్టుకోని మిల్లర్ ఉండడు. అమెరికా కమిషన్లు పెద్ద సంస్కరణగా తెచ్చినదాంట్లో సగం మన మిల్లర్ల నెత్తిన ఎప్పటి నుంచో ఉంది. మిగతా సగం, అంటే అంతేళ్లు కట్టితీరాలన్న కాలపరిమితి, మధ్యలో పోతే పరిహారం, అదే అసలు కీలకం. మిల్లు మూతపడితే పోయే లోడ్ వందల కిలోవాట్లు. డేటా సెంటర్ పోతే పోయేది ఒక విద్యుత్కేంద్రమంత.

2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖపట్నంలో గిగావాట్ స్థాయి కేంద్రాన్ని, అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో, అదానీకానెక్స్, ఎయిర్‌టెల్ భాగస్వాములుగా ప్రకటించింది. గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు. పరవాడ దగ్గరి సింహాద్రి థర్మల్ కేంద్రం మొత్తం సామర్థ్యం 2,000 మెగావాట్లు. ఒక్క వినియోగదారు పూర్తి స్థాయిలో నడిస్తే అందులో సగం. పెట్టుబడి రావడం మంచిదే, నేను కాదనను. కానీ అంచనా తప్పితే ఖరీదు ఎవరు కడతారో ఆంధ్రకు చెప్పాల్సిన పనిలేదు. కేజీ బేసిన్‌లో గ్యాస్ పుష్కలంగా వస్తుందని గోదావరి జిల్లాల్లో వేల మెగావాట్ల గ్యాస్ ప్లాంట్లు కట్టారు. గ్యాస్ రాలేదు, ప్లాంట్లు మూలపడ్డాయి. సామర్లకోట కోసం తెచ్చిన యంత్రాల్లో కొన్ని చివరికి బంగ్లాదేశ్ చేరాయి. అది సరఫరా వైపు అంచనా తప్పడం, ఇది డిమాండ్ వైపు. తేడా అంతే. రెండిటి తప్పూ వచ్చి పడేది మన బిల్లులోని ట్రూఅప్ ఛార్జీల గడిలోనే.

పోలికలో నా తీర్పు ఇది. చదవడానికి, ఆలోచించడానికి బర్క్లీ నివేదిక మేలు. దాని పరిధి నిజాయితీగా ఉంది, తన తప్పును తానే దిద్దుకుంది. తీగ లాగడానికి అర్జీల పట్టిక తప్పదు, కానీ పీజేఎం ఇచ్చిన రూపంలో అది డబ్బు వసూలు చేసేటంత గట్టి ఆధారం కాదు. టెక్సస్ చేసినట్టు కోతనైనా పక్కన చూపాలి, ఒహాయో చేసినట్టు అడిగినవాడి దగ్గర హామీ అయినా తీసుకోవాలి. ఈ రెండూ లేని అంచనాను కమిషన్లు వెనక్కి పంపాలి.

ఏటా నవంబరు ఆఖరుకు మన డిస్కంలు వచ్చే ఏడాది ఆదాయ అవసరాల లెక్కల్ని విద్యుత్ నియంత్రణ కమిషన్ (ఈఆర్సీ) ముందు పెడతాయి. ఆ తర్వాత బహిరంగ విచారణ జరుగుతుంది, అభ్యంతరం ఎవరైనా ఇవ్వొచ్చు. ఆ కాగితాల్లో డేటా సెంటర్ల లోడ్ ఎంత వేశారో వెతకండి. అందులో ఎన్ని మెగావాట్లకు సంతకమైన ఒప్పందం ఉంది, వాడకపోయినా ఎంత శాతానికి, ఎన్నేళ్లు కడతామని రాసిచ్చారు అని అడగండి. జవాబు రాతపూర్వకంగా ఇమ్మనండి.